ఇటలీ రేసు సైకిలు - కొలతలు నేర్పిన పాఠం



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాసి పంపమని సంపాదకవర్గం వారు అడిగారు. మేము ఇద్దరం ఈ హాస్టలులోనే ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఉండి చదువుకొన్నాం. తరవాత మెకానికల్ ఇంజనీరింగు పూర్తిచేసి, ప్రభుత్వం ఇచ్చే విదేశీ విద్యా ఉపకార వేతనంతో ఇటలీలోని మిలాన్ నగరానికి వెళ్ళి పై చదువు చదివాం. అక్కడ తరగతి గదిలో నేర్చుకొన్నది ఒక ఎత్తు, ఒక పాత రేసు సైకిలును ఒక్కొక్క భాగమే తెచ్చి కూర్చి నిలబెట్టడంలో నేర్చుకొన్నది ఒక ఎత్తు. ఆ రెండో దాని గురించే ఈ వ్యాసం.

సైకిలు గురించి మనకు తెలియనిది ఏముంది అని మీరు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకొన్నాం. గంట లెక్కన అద్దె సైకిలు తీసుకొని కాంపౌండు చుట్టూ తొక్కి నేర్చుకొన్నవాళ్ళం. చైను పడిపోతే ఎక్కించడం, పంచరు వేయడం, రిమ్ము బెండు తీయడం మాకు చేతనయిన పనులే. కాని ఇటలీ సైకిలు దగ్గర మా గర్వం మొదటి రోజే దిగిపోయింది. ఎలా దిగిపోయిందో, దాని వెనుక ఉన్న సైన్సు ఏమిటో వరుసగా చెబుతాం.

పోస్టు సైకిలు నుంచి రేసు సైకిలు వరకు

మిలాన్‌లో మేము ఉండే వీధికి దగ్గరలో ఒక సైకిలు వర్క్‌షాపు ఉండేది. అది దుకాణం కాదు. వారానికి రెండు సాయంత్రాలు తలుపులు తీసి ఉంచేవారు. పనిముట్లు అక్కడివి, పని మాత్రం ఎవరిది వారే చేసుకోవాలి. తెలియకపోతే అక్కడి పెద్దలు చెబుతారు. ఆ వర్క్‌షాపు గోడ మీద ఒక ఫొటో ఉంది. లేత సముద్రపు రంగు సైకిలు మీద వంగి కొండ ఎక్కుతున్న మనిషి. ఆయన పేరు ఫెలీచె జిమొందీ.

జిమొందీ 1942లో బెర్గమో పట్టణానికి దగ్గరలోని సెద్రీనా అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి లారీ నడిపేవాడు. తల్లి ఆ ఊరి పోస్టు ఉద్యోగి. ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు అందించడానికి ఆమెకు ఒక సైకిలు ఉండేది. కుర్రవాడు తొక్కడం మొదలుపెట్టింది ఆ సైకిలు మీదనే. ఆ పిల్లవాడే 1965లో, వృత్తి రేసుల్లోకి వచ్చిన మొదటి సంవత్సరంలోనే, టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఇటలీ దేశమంతా చుట్టి వచ్చే జీరో దితాలియా రేసును 1967, 1969, 1976లలో మూడుసార్లు గెలిచాడు. స్పెయిన్ దేశపు వూఎల్తా రేసును 1968లో, ప్రపంచ చాంపియన్ పట్టాన్ని 1973లో సాధించాడు. ఆయన కాలంలోనే బెల్జియం దేశస్థుడు ఎడీ మెర్క్స్ దాదాపు ప్రతి పెద్ద రేసూ గెలుస్తూ ఉన్నాడు. అంతటివాడితో పోటీ పడి, ఓడి, మళ్ళీ వచ్చి పోటీ పడినవాడు జిమొందీ. 2019లో కన్నుమూశాడు.

ఫొటోలోని ఆ రంగు బియాంకి కంపెనీ రంగు. ఆ కంపెనీ స్థాపించిన ఎద్వార్దో బియాంకి కథ మన హాస్టలు పిల్లలు తప్పక తెలుసుకోవాలి. ఆయన 1865లో పుట్టాడు. మిలాన్‌లో మార్తినిత్ అనే అనాథ బాలుర వసతి గృహం ఉండేది. అందులో పెరిగి, చిన్నతనం నుంచే ఇనుప పని నేర్చుకొన్నాడు. 1885లో, ఇరవై ఏళ్ళ వయసులో, మిలాన్‌లోనే ఒక చిన్న వర్క్‌షాపు పెట్టాడు. ఈనాటికీ నడుస్తున్న బియాంకి కంపెనీ అలా మొదలయింది. వసతి గృహంలో పెరిగిన పిల్లవాడి పేరు ప్రపంచ చాంపియన్ సైకిలు మీద ఉన్నదన్నమాట.

ఈ రెండు కథలూ విన్నాక మాకు కోరిక పుట్టింది. 1970లనాటి జిమొందీ సైకిలు లాంటిది ఒకటి మన చేతులతో తయారుచేయాలి అనుకొన్నాం. అసలు బియాంకి రేసు సైకిలు కొనే స్తోమత మాకు లేదు. కాబట్టి ఒక పాత ఫ్రేము సంపాదించి, మిగిలిన భాగాలు ఒక్కొక్కటే సమకూర్చుకోవాలని నిర్ణయించుకొన్నాం.

ఫ్రేము - పలచని గొట్టాల రహస్యం

ఆదివారం సంతలో మాకు దొరికిన ఫ్రేము మీద పేరు లేదు. రంగు సగం పోయింది. సీటు కింది గొట్టం మీద మాత్రం కొలంబస్ గొట్టాల స్టిక్కరు అరిగిపోయి కనబడింది. కొలంబస్ అనేది మిలాన్‌లో 1919లో ఏర్పడిన గొట్టాల కంపెనీ. వారి ఎస్.ఎల్. రకం గొట్టాలను ఆ కాలపు ఇటలీ రేసు సైకిళ్ళలో ఎక్కువగా వాడేవారు.

ఈ గొట్టం విశేషం ఏమిటంటే, దాని మందం అంతటా ఒకటి కాదు. రెండు చివర్లా 0.9 మిల్లీమీటర్లు, మధ్యలో 0.6 మిల్లీమీటర్లు. బయటి నుంచి చూస్తే తేడా కనబడదు. ఎందుకు ఇలా చేస్తారు? గొట్టాలు కలిసేచోట లగ్గులు పెట్టి, ఇత్తడి కరిగించి పోసి అతుకుతారు. ఆ వేడికి ఉక్కు కొంత బలం కోల్పోతుంది. పైగా తొక్కేటప్పుడు ఒత్తిడి అంతా అతుకుల దగ్గరే పడుతుంది. అందుకని చివర్లు మందంగా ఉంచుతారు. మధ్యలో అంత ఒత్తిడి ఉండదు కాబట్టి అక్కడ పలచన చేసి బరువు తగ్గిస్తారు. బలం ఎక్కడ కావాలో అక్కడే లోహం ఉంచడం అనేదే ఇందులోని సూత్రం.

పాత ఫ్రేము కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి. ఒకటి, హ్యాండిలు గొట్టం వెనుక పై గొట్టం, కింది గొట్టం అడుగు భాగంలో రంగు ముడతలు పడి ఉంటే అది ఎక్కడో గుద్దుకొన్న ఫ్రేము. దానిని వదిలేయాలి. రెండు, ముందు ఫోర్కును పక్క నుంచి చూస్తే వంపు కింది భాగంలోనే ఉండాలి, పైన వెనక్కి వంగి ఉండకూడదు. మూడు, లగ్గుల అంచుల్లో వెంట్రుక లాంటి చీలికలు ఉన్నాయేమో చూడాలి. మా ఫ్రేము ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గింది.

మా గర్వం దిగిపోయిన చోటు

పెడళ్ళ ఇరుసు తిరిగే అడ్డగొట్టాన్ని మన షాపుల్లో బి.బి. అంటారు. అందులో కుడివైపు ఒక కప్పు, ఎడమవైపు ఒక కప్పు మరలతో బిగించి ఉంటాయి. కప్పుల్లో గుండ్లు, గుండ్ల మధ్య ఇరుసు. మా ఫ్రేములో పాత కప్పులు తుప్పు పట్టి ఉన్నాయి. వాటిని తీయాలి.

కుడి కప్పుకు ఎడమ మర ఉంటుందని, అంటే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే వదులు అవుతుందని మేము చదువుకొని ఉన్నాం. పెద్ద పానా పెట్టి, దానికి ఒక ఇనుప గొట్టం తొడిగి, ఇద్దరం కలిసి ఆ దిశలో లాగాం. కప్పు కదలలేదు. నూనె పోసి, వారం ఆగి మళ్ళీ లాగాం. పానా జారి ఒకరి వేళ్ళ మీద చర్మం లేచిపోయింది. కప్పు అలాగే ఉంది.

ఇదంతా చూస్తున్న వర్క్‌షాపు పెద్దాయన దగ్గరకు వచ్చి ఒకటే ప్రశ్న వేశాడు. "కొలిచారా?"

మేము కొలవలేదు. ఆయన జేబులో నుంచి వెర్నియర్ కాలిపర్సు తీసి మా చేతికిచ్చాడు. ఇంటర్మీడియెట్ ప్రాక్టికల్స్‌లో వాడి, మార్కులు తెచ్చుకొని, మరచిపోయిన అదే వెర్నియర్! ఆ అడ్డగొట్టం వెడల్పు కొలిస్తే సరిగ్గా 70 మిల్లీమీటర్లు వచ్చింది. పెద్దాయన నవ్వి, "ఇది ఇటలీ కొలత. ఇంగ్లీషు కొలత అయితే 68 ఉండేది. ఇటలీ ఫ్రేముకు రెండు వైపులా కుడి మరే. మీరు ఇన్ని రోజులూ విప్పడం లేదు, బిగిస్తున్నారు" అన్నాడు.

ఎదురు దిశలో లాగితే, కష్టపడ్డా చివరికి కప్పు వచ్చేసింది.

ఇక్కడ పాఠం వివరంగా చెప్పాలి. ఇంగ్లీషు పద్ధతిలో కప్పు మర వ్యాసం 1.37 అంగుళాలు, అంటే సుమారు 34.8 మిల్లీమీటర్లు. ఇటలీ పద్ధతిలో 36 మిల్లీమీటర్లు. రెండింటిలోనూ అంగుళానికి 24 మర చుట్లు. స్క్రూగేజి పాఠంలో పిచ్ అని చదివారు కదా! ఇక్కడ పిచ్ ఎంత? అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. దానిని 24తో భాగిస్తే దాదాపు 1.06 మిల్లీమీటర్లు. పిచ్ ఒకటే అయినా వ్యాసం వేరు, ఒకవైపు మర తిరిగే దిశ కూడా వేరు. కాబట్టి ఒకదాని కప్పు ఇంకొకదానికి పనికిరాదు.

ఇంకొక ముఖ్య విషయం. ఇంగ్లీషు కొలత ఫ్రేములో మరలు పాడైతే, ఆ రంధ్రాన్ని పెద్దది చేసి 36 మిల్లీమీటర్ల ఇటలీ మర కొత్తగా తీసుకోవచ్చు. ఇటలీ ఫ్రేములో మరలు పాడైతే ఆ దారి లేదు, ఎందుకంటే తరవాత పెద్ద కొలత లేదు. మేము గుడ్డిగా లాగిన లాగుడుకు మరలు తెగి ఉంటే ఆ మంచి ఫ్రేము అక్కడితో పాడైపోయేది. తెలివితేటలు ఉన్నా, కొలవకుండా బలం వాడితే ఎంత నష్టం జరగబోయిందో ఆలోచించండి.

మర దిశ వెనుక ఉన్న సైన్సు

ఇంగ్లీషువారు కుడివైపు ఎడమ మర ఎందుకు పెట్టారు? దీనికి ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. ఎడమ చేతి పిడికిలిని వదులుగా మూసి, అందులో ఒక పెన్సిలు నిలబెట్టండి. కుడి చేతి వేలితో పెన్సిలు పై కొనను పిడికిలి అంచుకు ఆనిస్తూ గుండ్రంగా తిప్పండి. పెన్సిలు తనంతట తాను ఎదురు దిశలో మెల్లగా తిరగడం గమనిస్తారు. రంధ్రంలో కొంచెం వదులుగా ఉన్న వస్తువు మీద ఒత్తిడి గుండ్రంగా తిరుగుతూ పడితే ఇలా జరుగుతుంది.

ఏళ్ళ తరబడి తొక్కే సైకిలులో ఈ చిన్న కదలికే కప్పును విప్పేస్తుంది. దానికి ఎదురుగా మర పెడితే అదే కదలిక కప్పును బిగిస్తుంది. అందుకే ఇంగ్లీషు ఫ్రేముకు కుడివైపు ఎడమ మర. ఇటలీవారు రెండు వైపులా కుడి మరే ఉంచారు. కాబట్టి వారి కుడి కప్పు వదులయ్యే గుణం కలది. దానిని చాలా గట్టిగా బిగించాలి, అప్పుడప్పుడు చూసుకోవాలి. మా సైకిలుకు కూడా నెల తిరగకముందే కుడి కప్పు వదులయింది. విప్పి, మరలు శుభ్రంగా తుడిచి, మర పట్టు ద్రవం రాసి మళ్ళీ బిగించాక నిలిచింది.

ఇటలీ దాకా వెళ్ళనవసరం లేదు. మన హాస్టలు సైకిళ్ళ పెడళ్ళు చూడండి. కుడి పెడలుకు కుడి మర, ఎడమ పెడలుకు ఎడమ మర ఉంటాయి. కారణం ఇదే సూత్రం. తెలియక ఎడమ పెడలును తప్పు దిశలో తిప్పి క్రాంకు మరలు పాడుచేసినవారు మనలో ఎంతమంది లేరు!

చలికి బిగిసిన వేళ్ళు చేసిన మేలు

ఇటలీ రేసు సైకిలు అంటే గుర్తుకువచ్చే ఇంకో పేరు తుల్లియో కంపాన్యోలో. 1901లో విచెంజా నగరంలో పుట్టాడు. ఆయనా మొదట రేసుల్లో తొక్కినవాడే. ఆ రోజుల్లో గేర్లు మార్చే యంత్రం రేసుల్లో లేదు. వెనుక చక్రానికి రెండు పక్కలా వేరు వేరు పళ్ళ చక్రాలు ఉండేవి. కొండ వస్తే దిగి, రెక్కల నట్లు విప్పి, చక్రం తీసి, తిప్పి పెట్టుకోవాలి. 1927లో క్రోచె దావునె అనే కనుమ మీద మంచులో కంపాన్యోలో వేళ్ళు చలికి మొద్దుబారి నట్లు విప్పలేకపోయాడని, అక్కడే ఆయనకు కొత్త ఆలోచన వచ్చిందని చెప్పుకొంటారు. ఆ తరవాత ఆయన క్విక్ రిలీజ్‌ను తెచ్చాడు. 1933లో విచెంజాలో కంపెనీ పెట్టాడు.

క్విక్ రిలీజ్ అంటే పానా అవసరం లేకుండా చక్రం తీసే ఏర్పాటు. బోలుగా ఉన్న ఇరుసులో నుంచి సన్నని కడ్డీ వెళుతుంది. ఒక చివర నట్టు, ఇంకో చివర చిన్న లీవరు. లీవరు లోపల ఇరుసుకు నడిమధ్యన లేని ఒక గుండ్రని ముక్క ఉంటుంది. లీవరును మడిచినప్పుడు ఆ ముక్క కడ్డీని లాగి చక్రాన్ని ఫ్రేముకు బిగిస్తుంది. చాలామంది ఈ లీవరును నట్టు తిప్పినట్టు గిరగిరా తిప్పి బిగిస్తారు. అది ప్రమాదం. ముందు నట్టును సరిచూసుకొని, తరవాత లీవరును అరచేతితో నొక్కి మడవాలి. అరచేతిలో లీవరు అచ్చు పడేటంత గట్టిగా ఉంటే సరిపోయినట్టు.

1967లో కంపాన్యోలో కంపెనీ నువోవో రికార్డ్ అనే అల్యూమినియం గేరు యంత్రాన్ని తెచ్చింది. మెర్క్స్ లాంటివారు దానితోనే ఎన్నో రేసులు గెలిచారు. మేము కూడా పాతది ఒకటి కొన్నాం. కాని అన్ని భాగాలూ ఆ కంపెనీవే కొనాలంటే మా ఉపకార వేతనం సరిపోదు. అప్పుడు పెద్దాయన జిపియెమ్మె, ఒఫ్‌మేగా వంటి ఇతర ఇటలీ కంపెనీల పాత భాగాలు చూపించాడు. పేరు చిన్నది, ధర తక్కువ. వెర్నియర్ పెట్టి చూస్తే మాకు కావలసిన కొలతలు అవే. క్రాంకు, సీటు కడ్డీ అలా తక్కువలో దొరికాయి.

దీనికి వ్యతిరేకమైన అనుభవం కూడా అయింది. చినెల్లి అనేది పెద్ద పేరున్న హ్యాండిళ్ళ కంపెనీ. దానిని స్థాపించిన చీనో చినెల్లి స్వయంగా 1943లో మిలాన్-సాన్ రేమో రేసు గెలిచినవాడు. ఆ కంపెనీ పాత హ్యాండిలు చవకగా దొరికిందని సంబరపడి కొన్నాం. దాని మధ్యభాగం వ్యాసం 26.4 మిల్లీమీటర్లు. మా దగ్గర ఉన్న స్టెమ్ము 26 మిల్లీమీటర్లది. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. దానిని బలవంతంగా తోస్తే అల్యూమినియం గీసుకొని, ఆ గీతే తరవాత చీలిక అవుతుంది. దిగువకు వేగంగా పోయేటప్పుడు హ్యాండిలు విరిగితే మనిషి బతకడం కష్టం. గొప్ప పేరున్న ఆ హ్యాండిలును పక్కన పెట్టి, సరిపోయే మామూలు హ్యాండిలు కొన్నాం.

కూర్పు పని - వరుస క్రమం

మేము పని చేసిన వరుస ఇది. మన సైకిళ్ళకూ ఇదే వరుస పనికివస్తుంది.

1. ముందుగా ఫ్రేము లోపలి మరలన్నీ కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.

2. ఫోర్కు కప్పులు, గుండ్లు వేసి బిగించాలి. హ్యాండిలు తేలికగా తిరగాలి, కాని ముందు బ్రేకు పట్టి ఊపితే టకటకమనకూడదు.

3. తరవాత బి.బి. ఇరుసు. మాది విడి గుండ్ల రకం. ఒక్కో వైపు పావు అంగుళం గుండ్లు 11 పట్టాయి. పాత గుండ్లు మెరుస్తున్నా సరే తీసేసి కొత్తవే వేయాలి. ఒక్క గుండు పగిలినా కప్పు, ఇరుసు రెండూ పాడవుతాయి.

4. క్రాంకులు. మన సైకిళ్ళకు క్రాంకును కాటర్ పిన్నుతో బిగిస్తారు, సుత్తితో కొడతారు. ఇటలీ క్రాంకు అల్యూమినియంది. దాని చతురస్రపు రంధ్రం, కొనకు పోనుపోను సన్నబడే చతురస్రపు ఇరుసు మీదికి బోల్టుతో బిగుస్తుంది. దీనికి సుత్తి తగలకూడదు. తీయడానికి వేరే మర పనిముట్టు ఉంటుంది.

5. చక్రాలు. రేసుల్లో వారు రిమ్ముకు జిగురుతో అంటించే టైర్లు వాడేవారు. పంచరు పడితే టైరు కుట్లు విప్పి అతుకు వేసి మళ్ళీ కుట్టాలి. మేము ట్యూబు, టైరు విడిగా ఉండే మామూలు రిమ్ములే వేసుకొన్నాం. ఒక్కో చక్రానికి 36 పుల్లలు.

6. సీటు కడ్డీకి గ్రీజు తప్పనిసరి. ఉక్కు ఫ్రేము, అల్యూమినియం కడ్డీ తడి తగిలితే ఒకదానికొకటి అతుక్కుపోయి ఎప్పటికీ ఊడి రావు.

7. చివరగా బ్రేకులు, గేర్లు, వైర్లు. భాగాలు పాతవి కావచ్చు. కాని బ్రేకు వైర్లు, బ్రేకు రబ్బర్లు, చైను, టైర్లు మాత్రం కొత్తవే ఉండాలి. ప్రాణం వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఏది పాతదిగా ఉండాలో నిర్ణయించడానికి మాకు ఒక సైకిలు ఉత్సవం నియమాలు ఉపయోగపడ్డాయి. తస్కనీ ప్రాంతంలోని గాయోలె ఇన్ కియాంతి అనే ఊళ్ళో 1997లో లెరోయికా అనే ఉత్సవం మొదలయింది. మొదటిసారి 92 మంది పాల్గొన్నారు. అక్కడి తెల్లని మట్టి రోడ్లను తారు వేయకుండా కాపాడుకోవాలన్నది దాని ఆశయాల్లో ఒకటి. అందులో 1987కు ముందు నాటి తరహా సైకిళ్ళు కావాలి. గేరు లీవర్లు కింది గొట్టం మీద ఉండాలి, బ్రేకు వైర్లు హ్యాండిలు పైనుంచి బయటకు కనబడాలి, పెడళ్ళకు పాదం పట్టే క్లిప్పులు, తోలు పట్టీలు ఉండాలి. ఈ మూడింటినీ మేము పాటించాం.

చాంపియన్ గేర్లు మన కాళ్ళకు సరిపోతాయా?

గేర్ల విషయంలో మేము చేసిన తప్పు కూడా చెప్పాలి. చాంపియన్ల సైకిలు లాంటిదే కావాలనే పట్టుదలతో ముందు 52, 42 పళ్ళు, వెనుక 13 నుంచి 21 పళ్ళు పెట్టుకొన్నాం.

ఇందులో లెక్క చాలా సులభం. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు ఎంత దూరం పోతుంది? ముందు పళ్ళను వెనుక పళ్ళతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణించాలి. మా చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు.

52ను 13తో భాగిస్తే 4. దానిని 2.1తో గుణిస్తే 8.4 మీటర్లు. ఇది చదును రోడ్డు మీద వేగానికి.

42ను 21తో భాగిస్తే 2. దానిని 2.1తో గుణిస్తే 4.2 మీటర్లు. ఇది మా సైకిలులో అన్నిటికన్నా తేలిక గేరు.

మిలాన్‌కు ఉత్తరాన కోమో సరస్సు ఒడ్డున బెల్లాజియో అనే ఊరు ఉంది. అక్కడి నుంచి 754 మీటర్ల ఎత్తున ఉన్న గిజాల్లో గుడికి రోడ్డు ఎక్కుతుంది. సరస్సు నుంచి 500 మీటర్లకు పైగా ఎక్కాలి. ఆ గుడిలోని మేరీమాతను 1949లో పోపు పన్నెండవ పయస్ సైకిలు తొక్కేవారి రక్షకురాలిగా ప్రకటించారు. లోపల గోడలకు చాంపియన్ల సైకిళ్ళు వేలాడుతుంటాయి. 1995 టూర్ ద ఫ్రాన్స్‌లో పడి చనిపోయిన ఫాబియో కసర్తెల్లి సైకిలు, వంగిన ఫ్రేముతో అలాగే, అక్కడ ఉంది.

మా సైకిలుకు ఆ కొండే పరీక్ష అనుకొని బయలుదేరాం. సగం దూరం కూడా ఎక్కలేకపోయాం. మోకాళ్ళు పట్టేశాయి. వంతులవారీగా తొక్కుదామని ఒకరం సైకిలు మీద, ఒకరం అద్దె సైకిలు మీద వెళ్ళాం కాని, మా సైకిలు ఎవరి వంతుకు వస్తే వారే దిగి నడిచారు. రోజూ వందల కిలోమీటర్లు సాధన చేసే జిమొందీ కాళ్ళకు సరిపోయిన గేరు, పుస్తకాల ముందు కూర్చునే మా కాళ్ళకు ఎలా సరిపోతుంది?

తిరిగి వచ్చి వెనుక ఫ్రీవీలు మార్చి 26 పళ్ళది వేశాం. 42ను 26తో భాగించి 2.1తో గుణిస్తే సుమారు 3.4 మీటర్లు. చుట్టుకు 80 సెంటీమీటర్లు తగ్గింది. అంటే ప్రతి చుట్టుకూ పెట్టవలసిన బలం దాదాపు ఐదో వంతు తగ్గినట్టు. చుట్లు ఎక్కువ తొక్కాలి, అంతే. రెండోసారి మెల్లగానే అయినా, దిగకుండా గుడి గంట దాకా ఎక్కాం.

పేరు రాయాలా వద్దా?

ఇక మిగిలింది రంగు. బియాంకి రంగు లాంటి లేత సముద్రపు రంగే వేయించాం. ఆ తరవాత మా ఇద్దరి మధ్య వాదన వచ్చింది. బియాంకి పేరున్న స్టిక్కర్లు బజారులో దొరుకుతాయి. అంటిస్తే చూసినవాళ్ళు అసలు సైకిలే అనుకొంటారు. ఒకరికి అంటించాలని ఉంది. ఇంకొకరికి ఇష్టం లేదు.

రెండు రోజులు ఆలోచించాక ఇద్దరికీ ఒకే మాట తోచింది. వసతి గృహంలో పెరిగి, చిన్ననాడే ఇనుప పనిలోకి దిగిన మనిషి సంపాదించుకొన్న పేరు అది. మేము చేయని పనికి ఆయన పేరు వాడుకోవడం తప్పు. మా ఫ్రేము చేసిన వర్క్‌షాపు ఏదో మాకు తెలియదు. కాని గొట్టాలు కోసి, లగ్గులు పెట్టి, ఇత్తడి పోసి అంత నిటారుగా అతికిన మనిషి ఒకరు ఉన్నారు. వేరే పేరు అంటిస్తే ఆయన పనిని కూడా చెరిపేసినట్టే. కాబట్టి గొట్టం మీద ఏ పేరూ రాయలేదు.

ఒక్కటి మాత్రం రాశాం. బి.బి. గొట్టం అడుగున, పైకి కనబడని చోట, చిన్న కుంచెతో "36 × 24, రెండు వైపులా కుడి మర" అని ఇటాలియన్ భాషలో రాశాం. తరవాత ఎప్పుడైనా ఈ సైకిలు విప్పేవారు మాలాగా తప్పు దిశలో లాగి ఫ్రేము పాడుచేయకూడదని. అది చూసి పెద్దాయన ఏమీ అనలేదు. తన వెర్నియర్ కాలిపర్సును మా చేతిలో పెట్టి, ఇక మీదే ఉంచుకోమన్నాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో కొందరు ఐ.టి.ఐ.కి వెళతారు, కొందరు పాలిటెక్నిక్‌కు, కొందరు ఇంజనీరింగుకు వెళతారు. కొందరు షాపు పెట్టుకొంటారు. ఎక్కడికి వెళ్ళినా పని ముందుకు వచ్చినప్పుడు బలం కన్నా ముందు కొలత తీయండి. కొలత ముందు పెద్ద కంపెనీ, చిన్న కంపెనీ అన్న తేడా లేదు. ఎవరు కొలిచినా 70 మిల్లీమీటర్లు 70 మిల్లీమీటర్లే. పేరు లేని భాగమైనా కొలత సరిపోతే బండి నడుస్తుంది. ఎంత పేరున్నదైనా కొలత తప్పితే నడవదు.

మీరు చేసి చూడవలసినవి

1. మీ సైకిలు ముందు, వెనుక పళ్ళు లెక్కపెట్టండి. చక్రం చుట్టుకొలతను దారంతో కొలవండి. పెడలు ఒక చుట్టుకు ఎంత దూరం పోతుందో లెక్కగట్టి, నేల మీద సుద్దముక్కతో గీత గీసి సరిచూడండి.

2. పిడికిలిలో పెన్సిలు ప్రయోగం చేసి, పెన్సిలు ఏ దిశలో తిరిగిందో రాసుకోండి.

3. సైకిలు షాపులో ఎడమ పెడలు విప్పేటప్పుడు పానా ఏ దిశలో తిరుగుతున్నదో గమనించి, కారణం మీ మాటల్లో చెప్పండి.

4. మీ ల్యాబులోని వెర్నియర్ కాలిపర్సుతో సైకిలు గుండు ఒకదాని వ్యాసం కొలవండి. అది ఎన్నో వంతు అంగుళమో కనుక్కోండి.

ఈసారి వార్షికోత్సవానికి మేము హాస్టలుకు వస్తున్నాం. ఆ పెద్దాయన ఇచ్చిన వెర్నియర్ మాతో తెస్తాం. షెడ్డులో మూలపడి ఉన్న సైకిళ్ళు ఎన్ని ఉంటే అన్నీ బయటకు తీసి ఉంచండి. అందరం కలిసి కొలుద్దాం.